మారాం వేరు, పొంగు వేరు

పిల్లవాడు నడివీధిలో నేలమీద పడి దొర్లి ఏడుస్తూంటే కారణం అడిగేవారు తక్కువ, తీర్పు చెప్పేవారు ఎక్కువ. "గారాబం ముదిరింది" అని ఒకరు, "తల్లి చేతగానిది" అని ఒకరు, "మా కాలంలో అయితే రెండు తగిలించేవారు" అని మరొకరు. ఈ తీర్పు మన భాషలోనే కాదు, మనం తరతరాలుగా కలిసి బ్రతుకుతున్న ఇరుగుపొరుగు భాషలన్నిటిలోనూ సిద్ధంగా ఉన్నది. మనం మొండితనం అన్నదాన్ని బెంగుళూరులో హఠ అంటారు, చెన్నైలో అడం అంటారు, షోలాపూరులో హట్ట అంటారు, బరంపురంలో జిద్ అంటారు. మాట మారినా భావం ఒక్కటే: పిల్లవాడు కావాలని చేస్తున్నాడు, వంచితే వంగుతాడు.

చాలామంది పిల్లల విషయంలో ఇది కొంతవరకు నిజమే కావచ్చు. కాని కొందరు పిల్లలున్నారు. వారి ఏడుపూ, అరుపూ, తల గోడకు కొట్టుకోవడమూ, చేతికి అందినది విసిరివేయడమూ మొండితనం కాదు, తట్టుకోలేకపోవడం. ఈ రెండిటినీ ఒకే గాటను కట్టడం వల్ల ఆ పిల్లలూ, వారి తల్లులూ పడుతున్న బాధ ఇంతా అంతా కాదు. ఆ భేదాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేయడానికే ఈ వ్యాసం.

ముందుగా నా సంగతి చెప్పుకోవలె. నేను డాక్టరును కాను, పండితుణ్ణీ కాను. ఆఫీసులో ఫైళ్లు చూసుకునే గుమాస్తాను. మా తాతగారి నాటినుంచి బెంగుళూరులోనే కాపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. మా రెండవవాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం ఉన్నదని నాలుగో ఏట డాక్టర్లు తేల్చారు. ఈ ఐదేళ్లలో వారు చెప్పగా విన్నది, చదివి తెలుసుకున్నది, ఇంట్లో కళ్లారా చూసినది, ఈ మూడూ కలిపి వ్రాస్తున్నాను.

రెండిటికీ భేదం

మారాం అంటే అందరికీ తెలిసినదే. పిల్లవాడు అంగడిలో బొమ్మ కావాలంటాడు. మనం కాదంటాము. వాడు కాళ్లు నేలకేసి కొడతాడు. అయితే ఏడుస్తూనే ఓరకంట మన ముఖం చూస్తూంటాడు. బొమ్మ చేతికి రాగానే ఏడుపు ఆగుతుంది. చూసేవారు లేకపోతే జోరు తగ్గుతుంది. తనకు దెబ్బ తగలకుండా చూసుకుంటూనే దొర్లుతాడు. అంటే పగ్గాలు ఇంకా వాడి చేతిలోనే ఉన్నవన్నమాట.

రెండవది అటువంటిది కాదు. డాక్టర్లు దాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. మా ఇంట్లో మేము పొంగు అంటాము. పొయ్యి మీది పాలు అంచు దాకా వచ్చేవరకు చూసేవారికి పెద్దగా తేడా తెలియదు. అంచు దాటిన తరువాత గిన్నెను కోప్పడి లాభం లేదు. ఇదీ అంతే. అడిగిన వస్తువు ఇచ్చినా ఆగదు. ఎవరూ చూడకపోయినా ఆగదు. తన చెయ్యి తానే కొరుక్కుంటున్నా పిల్లవాడికి తెలియదు. అరగంట, ఒక్కొక్కప్పుడు గంట గడిచి, ఒళ్లంతా చెమట పట్టి, సొమ్మసిల్లినట్లు పడుకుంటాడు. లేచిన తరువాత కొందరికి జరిగినది సరిగా గుర్తుండదు. గుర్తున్నవారు సిగ్గుతో ముఖం దాచుకుంటారు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. మారాంగా మొదలైనది పొంగుగా ముదరడం కూడా కద్దు. బొమ్మ కోసం ఏడుపు మొదలు పెట్టినవాడు, ఆ గోలకు, చుట్టూ చేరిన జనానికి తట్టుకోలేక పట్టు తప్పిపోతాడు. అప్పుడు బొమ్మ సంగతి వాడికే గుర్తుండదు. అందువల్ల ఎలా మొదలైందని కాక, ఈ క్షణాన ఏ స్థితిలో ఉన్నాడని చూసుకోవలె.

ఈ భేదం తెలియడం ఎందుకంటే, రెండిటికీ చెయ్యవలసినవి వేరు. మారాం చేసేవాడి ముందు కాదన్నమాట మీద నిలబడవలె, కావలసినది మాటతోనో సైగతోనో అడగడం నేర్పవలె. పొంగుకు సెగ తగ్గించవలె. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే వికటిస్తుంది.

సెగ ఎక్కడిది?

ఆటిజం, ఎ.డి.హెచ్.డి. వంటివాటిని జబ్బులనడం కంటె మెదడు పొందికలో మొదటినుంచీ ఉన్న భేదాలనడం సబబు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి చూపు, వినికిడి, స్పర్శ మనకు అందినట్లు అందవు. మనం పట్టించుకోని మిక్సీ రొద కొందరి చెవిలో శూలంలా దిగుతుంది. కుక్కరు విజిల్ వేస్తుందేమోనన్న భయంతోనే వంటింటి గడప తొక్కని పిల్లలున్నారు. చొక్కా మెడ దగ్గర కుట్టిన గుడ్డచీటీ రోజంతా ముల్లులా గుచ్చుతుంది. ట్యూబులైటు మినుకు కంటికి బాధ. మరికొందరిలో ఇందుకు విరుద్ధం: ఆకలి, దాహం, ఒంటికి వెళ్లవలసిన అవసరం కూడా వేళకు తెలిసిరావు. తెలియని ఆకలి కోపంగా బయటపడుతుంది.

దీనికి తోడు క్రమం మారడం. రోజూ వెళ్లే దారి మూసివేస్తే మనకు పది నిమిషాల ఆలస్యం. అటువంటి పిల్లవాడికి మాత్రం కాళ్లకింద నేల కదిలినంత పని. తరువాత ఏమి జరుగుతుందో తెలియకపోవడమే వారికి పెద్ద భయం. ఆ భయాన్ని మాటల్లో చెప్పలేకపోవడం దాని మీద మరొక బరువు. మాటలు బాగా వచ్చిన పిల్లలకు కూడా ఒత్తిడిలో ఉన్నప్పుడు మాట పెగలదు.

ఇవన్నీ ఒకదానిమీద ఒకటి చేరతవి. పొద్దుటి చొక్కా చీటీ, బడి బస్సులో తోపులాట, మధ్యాహ్నం గంట మోత, సాయంత్రం అనుకోకుండా వచ్చిన చుట్టం. ఆఖరున అన్నంలో పప్పు తగిలిందని పొంగితే మనం పప్పును గురించి వాదిస్తాము. "బడిలో బుద్ధిమంతుడే, ఇంటికి రాగానే ఈ రాక్షసత్వం ఎందుకు?" అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. రోజంతా బిగబట్టుకుని ఉన్నవాడు, భయం లేని చోట వదిలివేస్తాడు. ఇల్లు భద్రమైన చోటని వాడు నమ్మినందుకు అది గుర్తు.

ఒక్క జాగ్రత్త. కొత్తగా పొంగులు ఎక్కువైతే ముందు ఒంట్లో నొప్పి ఏమైనా ఉన్నదేమో చూపించవలె. చెవిపోటు, పిప్పిపన్ను, మలబద్ధకం, నిద్రలేమి, ఇవి చెప్పుకోలేని పిల్లలను అతలాకుతలం చేస్తవి. ఆటిజం ఉన్న పిల్లలకు మూర్ఛ రావడం కూడా తక్కినవారి కంటె ఎక్కువ.

తల్లుల మీద మోపిన నింద

పెంపకం లోపమని తల్లిని అనడం మన పల్లెటూళ్ల అజ్ఞానం మాత్రమే అనుకుంటే పొరపాటు. చదువుకున్న దేశాలూ ఆ పాపం చేసినవే. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను గురించి వివరంగా వ్రాశాడు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అటువంటి పిల్లలను గురించే వ్రాశాడు. ఆ తరువాత పాతికేళ్లపాటు అక్కడి పెద్ద పెద్ద వైద్యులే, తల్లి మనస్సులో వెచ్చదనం లేకపోవడం వల్ల బిడ్డ ఇలా అవుతాడని ప్రచారం చేశారు. "రెఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. 1967లో బ్రూనో బెటెల్‌హైం అనే ఆయన ఆ వాదంతో ఒక గ్రంథమే ప్రకటించాడు.

దీన్ని ఎదిరించినవారిలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్‌లండ్. ఆయన మనస్తత్వశాస్త్రం చదివినవాడు, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. ఇది మెదడుకు సంబంధించినదే గాని తల్లి ప్రేమకు సంబంధించినది కాదని 1964లోనే పుస్తకం వ్రాశాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనేవారు 21 జతల కవలలను పరిశీలించి, ఇందులో వంశపారంపర్యం పాత్ర గట్టిదని చూపించారు. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో రద్దు చేసింది. కనుక టీకా వేయించినందుకో, గర్భిణిగా ఉద్యోగానికి వెళ్లినందుకో, చిన్నప్పుడు ఎక్కువగా ఎత్తుకోనందుకో ఏ తల్లీ తనను తాను నిందించుకోనక్కరలేదు. అత్తగారు నిందించనూ అక్కరలేదు.

మూడు గళ్ల ఖాతా

మాకు డాక్టరుగారు మొదట చెప్పిన పని మందు కాదు, లెక్క. పొంగు వచ్చిన ప్రతిసారీ మూడు సంగతులు వ్రాయమన్నారు: ముందు ఏమి జరిగింది, అప్పుడు ఏమి చేశాడు, తరువాత మేము ఏమి చేశాము. గుమాస్తాకు ఇంతకంటె నచ్చే వైద్యం ఏముంటుంది! పొడుగాటి ఖాతా పుస్తకం కొని గళ్లు గీశాను. తేదీ, వేళ, ఎంతసేపు ఉన్నదీ కూడా చేర్చాను. నేను ఆఫీసులో ఉన్నప్పుడు మా ఇంటావిడ వ్రాసేది.

రెండు నెలలకు 26 పద్దులు పడ్డవి. కూడి చూస్తే 15 సాయంత్రం ఐదింటికీ ఏడింటికీ నడుమ, బడినుంచి వచ్చిన తరువాత. 6 ఏదో ఒక క్రమం మారిన రోజున: సెలవు ఇచ్చిన రోజు, వ్యాను డ్రైవరు మారిన రోజు, చుట్టాలు వచ్చిన రోజు. 3 ఒకే వారంలో. ఆ వారం వాడికి చెవిలో చీము ఉన్నదని తరువాత తెలిసింది. కారణం అంతుపట్టనివి రెండే రెండు. "ఏ కారణమూ లేకుండా అరుస్తాడు" అని అందరూ అన్నవాడికి 26లో 24 సార్లు కారణం ఉన్నదని కాగితమే చెప్పింది.

ఆ లెక్కను బట్టి చేసిన మార్పు చిన్నది. బడినుంచి రాగానే అరగంటసేపు వాడిని ఎవరూ ఏమీ అడగరు. "ఏం చదివావు, ఏం తిన్నావు" లేదు. ఫేను, మసక వెలుతురు, ఒక గ్లాసు మజ్జిగ, ఊయల. ఆ వేళకు మిక్సీ వెయ్యరు, టీవీ పెట్టరు. తరువాతి రెండు నెలల ఖాతాలో పద్దులు 14కు దిగినవి. కథల్లో లాగ మాయం కాలేదు. అయినా 26కూ 14కూ ఉన్న తేడా ఆ ఇంట్లో ఉండేవారికే తెలుస్తుంది.

మూడు ఘట్టాలు

పొంగకముందు చెయ్యవలసినది ఎక్కువ. రేపటి పని నేడే చెప్పవలె. చెప్పడం కంటె చూపించడం మేలు. మా ఇంట్లో గోడ క్యాలెండరు పక్కన ఆ రోజు పనులు బొమ్మలుగా వరుసగా అంటించి ఉంటవి: స్నానం, ఇడ్లీ, బడి, ఊయల, లెక్కలు, భోజనం. అయిన బొమ్మను వాడే తీసి డబ్బాలో వేస్తాడు. ఒక పనినుంచి మరొకదానికి మారేముందు పది నిమిషాలకు ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి హెచ్చరిక. పెళ్లికి పోతే చెవులకు మూసుకునే సాధనం, ఇంటినుంచి తెచ్చిన తినుబండారం, బయటికి పోయే దారి దగ్గర కుర్చీ. అంచు దాకా వస్తున్న గుర్తులు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మా వాడు చెవులు మూసుకుని ఒకే మాట మళ్లీ మళ్లీ అంటాడు. ఆ గుర్తు కనబడగానే సగం తిన్న విస్తరి ముందునుంచయినా లేచిపోవలె. మర్యాదకు కూర్చుంటే ఆ మర్యాద దక్కదు.

పొంగినప్పుడు చెయ్యవలసినది తక్కువ. మాట తగ్గించడం, జనాన్ని తగ్గించడం, వెలుతురూ చప్పుడూ తగ్గించడం. దగ్గరలో గాజు, ఇనుము ఉంటే తీసివేయడం. తల కొట్టుకుంటే నడుమ దిండు పెట్టడం. వాడికో మరొకరికో దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే తప్ప పట్టుకుని అదమరాదు. కొందరికి గట్టిగా కౌగిలిస్తే ఊరట, కొందరికి తాకితే నిప్పు. ఏ పిల్లవాడికి ఏది నప్పుతుందో నెమ్మదిగా ఉన్న రోజున తెలుసుకుని ఉండవలె. ప్రశ్నలు వెయ్యరాదు. "ఎందుకు ఏడుస్తున్నావు?" అన్న ప్రశ్నకు అప్పుడు జవాబు వాడి దగ్గర లేదు. నీతి చెప్పరాదు, బేరం పెట్టరాదు, బూచివాడని బెదిరించరాదు. దెబ్బ వేస్తే ఇప్పటికే మోయలేని బరువు మీద మరొకటి వేసినట్లే. ఒకవేళ ఆ దెబ్బకు నిశ్శబ్దం అయినా, అది భయంతో బిగుసుకుపోవడమే గాని నెమ్మదించడం కాదు.

చల్లారిన తరువాత మంచినీళ్లు, నిద్ర. ఆ రోజున పాఠం చెప్పరాదు. మరునాడో, రెండు రోజులకో, బొమ్మలు గీసి, "చెవి నొప్పిగా ఉంటే ఈ కార్డు చూపించు" అని నేర్పవచ్చు. మాట రాని పిల్లవాడికి చాలించండి అని చెప్పే ఒక్క కార్డు చేతికి ఇస్తే, ఎన్నో పొంగులు తప్పుతవి. ఆ కార్డు చూపినప్పుడు మనం నిజంగా చాలించవలె. లేకపోతే కార్డుకు విలువ పోతుంది.

మందుల మాట. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. పొంగులు మరీ ప్రమాదంగా ఉన్నప్పుడు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అనే మందులను మానసిక వైద్యులు వాడతారు. బరువు పెరగడం వంటి ఇబ్బందులున్నవి గనుక వారి పర్యవేక్షణలోనే వాడవలె. మూలకణాల చికిత్సతో నయం చేస్తామని లక్షలు అడిగేవారున్నారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చెయ్యదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో తెలిపింది. ఆస్తులమ్మి ఆ వెంట పడవద్దని నా మనవి.

ఏ భాషలో ఊరడించడం?

ఇది ప్రత్యేకించి మనవంటి కుటుంబాలకు వచ్చే చిక్కు. మొదటి రోజుల్లో ఒక చోట మాకు, "ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇక్కడ ఇంగ్లీషు, మూడు భాషలతో పిల్లవాడి మెదడు గందరగోళం అవుతుంది, తెలుగు మానివేయండి" అని సలహా ఇచ్చారు. ఇటువంటి సలహా మన సంఘ కుటుంబాల్లో మరి ముగ్గురు తల్లులు కూడా విన్నట్లు నాతో చెప్పారు.

పరిశోధనలు మాత్రం అలా చెప్పడం లేదు. రెండు భాషలు వినే ఇళ్లలో పెరిగిన ఆటిజం పిల్లలను ఒకే భాష వినేవారితో పోల్చి చూసిన పలు దేశాల పరిశీలనల్లో, రెండవ భాష వల్ల మాట మరింత వెనకబడిందని తేలలేదు. నష్టం మరొక చోట ఉన్నది. అలవాటు లేని భాషలో తల్లి మాట్లాడబోతే మాటలు తగ్గిపోతవి, పాట ఆగిపోతుంది, గొంతులో సహజత్వం పోతుంది. మా అమ్మకు తెలుగు తప్ప వేరు భాషలో ధారాళంగా మాట్లాడడం రాదు. మేము తెలుగు మానితే, వాడికి ఇంట్లో ఉన్న అవ్వ లేనట్లే.

అందువల్ల మేము మానలేదు. బొమ్మల కింద తెలుగే వ్రాశాము. పొంగు వచ్చినప్పుడు మా అమ్మ దూరంగా గోడకు ఆనుకుని కూర్చుని రెండే మాటలు అంటుంది: "ఇక్కడే ఉన్నా నాయనా." నిమిషానికి ఒకసారి, అదే గొంతుతో. అంతకు మించి మాట్లాడదు. కొన్నాళ్లకు వాడు చల్లారే వేళ "ఇక్కడే, ఇక్కడే" అని తనలో తాను అనుకోవడం మొదలు పెట్టాడు. వాడు తనంతట తాను ఊరట కోసం పట్టుకున్న మొదటి మాట అదే.

ఇంట్లో తక్కినవారు

ఇటువంటి బిడ్డ ఉన్న ఇంట్లో తక్కిన పిల్లలు వయసుకు మించి పెద్దవారవుతారు. "తమ్ముడు కదా, నువ్వే సర్దుకో" అన్నది రోజూ వినే మాట. మా అమ్మాయి పన్నెండేళ్లది. ఆదివారం పొద్దున లాల్‌బాగుకు నేనూ అదీ ఇద్దరమే పోతాము. ఆ రెండు గంటలూ తమ్ముడి మాట అదే ఎత్తితే తప్ప నేను ఎత్తను. అక్క తమ్ముణ్ణి ప్రేమించవలె నిజమే; జీవితమంతా వాడికి ఆయాగా ఉండడానికి పుట్టలేదని దానికి తెలియవలె.

భార్య సంగతి తండ్రులు ఆలోచించవలె. పొంగు వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది సాధారణంగా తల్లే. వారానికి రెండు రాత్రులయినా ఆమెకు తెల్లవారేదాకా నిద్ర దక్కేట్లు తండ్రి ఆ గదిలో పడుకోవలె. ఇది సహాయం కాదు, తండ్రి వాటా.

ఇటువంటి పిల్లల్లో ప్రతి ఒక్కరిలోనూ ఒక మేధావి దాగి ఉంటాడని కొందరు ఓదారుస్తారు. కొందరిలో ఉండవచ్చు. మా వాడికి సిటీ బస్సుల నంబర్లన్నీ, అవి ఎక్కడినుంచి ఎక్కడికి పోయేదీ కంఠతా వచ్చు. అది ముచ్చటే. కాని మేధావి అయితేనే గౌరవం అనేది ఏ బిడ్డకూ పెట్టదగిన షరతు కాదు.

దారి చూపే చోట్లు

అనుమానం కలిగిన రోజే చూపించడం మంచిది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద జిల్లా ఆసుపత్రులలో పిల్లల లోపాలను ముందుగా గుర్తించే కేంద్రాలు ఏర్పడినవి. బెంగుళూరులో నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగమున్నది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మాట వెనకబడిన పిల్లలకు పెద్ద అండ. తమిళనాడువారికి చెన్నై దగ్గర ముట్టుకాడులో 2005లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. సికిందరాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ, తెలుగులో మాట్లాడే చోటు కావలసినవారికి అనుకూలం. బరంపురంవారు ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో, యానాంవారు దగ్గరలోని కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట విచారించవచ్చు.

కాగితాల పని నా వృత్తి గనుక అదీ చెబుతాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాలలో అది చేరింది. 40 శాతం, ఆపైన ఉన్నదని ధ్రువపత్రం వస్తే, ఆరేళ్లనుంచి పద్దెనిమిదేళ్లవరకు ఉచిత విద్యకు హక్కున్నది. యు.డి.ఐ.డి. కార్డు తీసుకుంటే దేశమంతటా చెల్లుతుంది. రాష్ట్రాలు మారే మనవారికి ఇది ముఖ్యం. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయలవరకు వైద్య ఖర్చు వస్తుంది. ఆ చట్టం కిందనే, పద్దెనిమిదేళ్లు నిండిన తరువాత అవసరమైనవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఇటువంటి బిడ్డను ముఖ్యంగా చూసుకునే కేంద్ర ప్రభుత్వోద్యోగిని మామూలు బదిలీలనుంచి మినహాయించే ఉత్తర్వు 2014లో వచ్చింది. చాలా ఆఫీసుల్లో అడగనివారికి ఇది చెప్పేవారు లేరు. అడగండి.

సంఘానికి మనవి

ఇక చివరి మాట మన సంఘానికే. ఇటువంటి పిల్లలున్న కుటుంబాలు మెల్లమెల్లగా నలుగురిలోకి రావడం మానుకుంటవి. మొదట పెళ్లిళ్లు, తరువాత ఉగాది సభ, ఆ తరువాత ఇరుగుపొరుగు. ఎవరూ రావద్దని అనరు. చూపులే చాలు.

మన ఉగాది సభకు ఖర్చు లేని ఏర్పాట్లు కొన్ని చెయ్యవచ్చు. హాలు పక్క గదిని ఆ పూటకు నిశ్శబ్దపు గదిగా ఉంచి రెండు చాపలు వెయ్యవచ్చు. లౌడ్‌స్పీకరును ఒక మెట్టు తగ్గించవచ్చు; మన ఉపన్యాసాలకు దాని వల్ల నష్టం లేదు. కార్యక్రమం వరుసను ముందే ముద్రించి పంపుతాము గదా, ఆ వరుస తప్పకుండా నడిపితే చాలు, ఆ తల్లులు పిల్లలకు బొమ్మలు గీసి చూపించి మరీ తీసుకువస్తారు. తలుపు దగ్గరి వరుసలో నాలుగు కుర్చీలు వారికి వదలవచ్చు.

అయినా ఎవరో ఒక పిల్లవాడు పొంగితే, దయచేసి చుట్టూ మూగకండి, సలహాలు ఇవ్వకండి, సెల్‌ఫోనులో బొమ్మ తీయకండి. మీ చోటనే కూర్చుని ఉండండి. ఒక్కరు మాత్రం ఆ తల్లి దగ్గరకు వెళ్లి, "అమ్మా, నీ సంచీ, చెప్పులు నేను చూస్తాను, నువ్వు బాబు దగ్గర ఉండు" అని చెప్పండి. అంతకు మించిన ఉపకారం ఆ క్షణంలో లేదు.